అవ్వ చేతులు, అమ్మ గడియారం

మా అవ్వ చేతుల మీద ఖాళీ చోటు ఉండేది కాదు. కుడి ముంజేతి మీద తులసికోట, దాని పక్కన చెంబు, ఆ కింద చుక్కల ముగ్గు. ఎడమ చేతి మీద తేలు, మణికట్టు చుట్టూ ఆకుల తీగ. గడ్డం మీద మూడు చుక్కలు, చెంప మీద ఒకటి. ఇవి చాలవన్నట్టు మోచేతికి కాస్త కింద మా తాత పేరు. చర్మం ముడతలు పడ్డాక తేలు కాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి, అది తేలో పీతో తెలిసేది కాదు. నేను పక్కలో పడుకుని ఆ చర్మాన్ని రెండు వేళ్ళతో సాగదీసి, తేలును మళ్ళీ తేలుగా చేసేదాన్ని. "వొదల్మే, గిల్లొద్దు" అని కసురుకునేది గానీ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకునేది కాదు.

మాది పాకాల దగ్గర పల్లె. నా చిన్నప్పుడు అక్కడ నడివయసు దాటిన ఆడవాళ్ళలో పచ్చబొట్టు లేని చెయ్యి కావాలంటే వెతుక్కోవాల్సిందే. దానికి ఈ కులం ఆ కులం అని లేదు, ఉన్నవాళ్ళు లేనివాళ్ళు అని లేదు. "పోయేటప్పుడు కమ్మలు పీక్కుంటారు, కాసులు పీక్కుంటారు. దీన్ని ఎవురు పీక్కుంటారో చూస్తా" అనేది అవ్వ. పచ్చబొట్టు లేకుండా పోతే యముడు వాతలు పెడతాడని కూడా చెప్పేది. నాకు ఆ మాట మీద నమ్మకం ఉండేది కాదు, భయం మాత్రం ఉండేది.

తాత పేరు సంగతి చెప్పాలి. మొగుడి పేరు నోటితో పలకడం ఆ తరం ఆడవాళ్ళకు తప్పు. ఒకసారి రేషన్ కార్డుల వివరాలు రాసుకోవడానికి ఒకాయన వచ్చి, మా అరుగు మీద కూర్చుని, "ఇంటాయన పేరు చెప్పమ్మా" అన్నాడట. తాతేమో చేలో ఉన్నాడు. అవ్వ నోరు విప్పలేదు. పోనీ పక్కింటామె చెబుతుందా అంటే, ఆమెకు తాత బావ వరస, ఆమె కూడా పలకదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కాసేపు నవ్వుకున్నాక, అవ్వ కొంగు సర్దుకుని మోచెయ్యి ఆయన ముందుకు చాపింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివి, రాసుకుని వెళ్ళిపోయాడు.

చిక్కేమిటంటే ఆ పేరు పొడిచినామెకు చదువు రాదు. ఎవరో పలక మీద రాసిస్తే దాన్ని చూసి గీసింది. 'మునిరత్నం'లో నావొత్తు ఎగిరిపోయింది. కార్డులో మా తాత 'మునిరతం' అయిపోయాడు. భూమి పాసుపుస్తకంలో మునిరత్నం, కార్డులో మునిరతం. ఆ ఒక్క వొత్తు కోసం మా నాయన ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగాడో, ఇద్దరూ ఒకడేనని ఎంతమంది చేత సంతకాలు పెట్టించాడో! తాత మాత్రం, "అది చెయ్యి చాపకుండా ఉంటే నేను మనిషినే కాకుండా పోదును" అని అవ్వను వెనకేసుకొచ్చేవాడు.

చెనక్కాయలు అమ్ముకుని ఇళ్ళల్లో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో ఎరుకలామె వచ్చేది. చంకలో బుట్ట, నోట్లో ఆకూ వక్కా. "ఎరుక చెప్తామమ్మా ఎరుక, పచ్చబొట్టు పొడుస్తామమ్మా" అని వీధి మొదట్లో కేక వినబడగానే మేము పిల్లలం పరుగు. మా చిన్నత్తకు పెళ్ళి కుదిరిన ఏడాది ఆమె మా వాకిట్లో కూర్చోవడం నాకు బాగా గుర్తు. కొబ్బరి చిప్పలో నల్లటి మసి. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసి అది, అందులో గుంటగలగరాకు పసరు కలిపి నూరింది. మూడు సూదులు ఒకటిగా చేర్చి దారంతో గట్టిగా చుట్టి ఉన్నాయి. ముందు చీపురుపుల్లను మసిలో ముంచి చేతి మీద బొమ్మ గీసింది. తర్వాత ఎడమ చేత్తో అత్త ముంజేతి చర్మాన్ని బిగబట్టి, కుడి చేత్తో పొడవడం మొదలుపెట్టింది. చూస్తుండగానే గీత వెంట ఎర్రగా చిన్న చిన్న బొట్లు వరసగా తేలాయి. తడిగుడ్డతో తుడవడం, మళ్ళీ మసి అద్దడం, మళ్ళీ పొడవడం. అత్త కేకలకు అవ్వ ఆమె తలను వొళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. ఎరుకలామె మాత్రం చెయ్యి ఆపకుండా, మాట ఆపకుండా, అత్తకు పుట్టబోయే కొడుకుల గురించి, కొనబోయే ఎద్దుల గురించి చెబుతూ పోయింది. ఆఖర్న పసుపు రాసింది. అవ్వ చేటలో బియ్యం, ఒక పాత చీర ఇచ్చింది. కొన్నాళ్ళకు పొక్కులు రాలి, కింద నుంచి పూలకుండీ బయటపడింది.

నల్ల మసి పచ్చగా ఎట్లా మారుతుందని నాకు చాలా ఏళ్ళు సందేహం. తర్వాత చదివితే తెలిసింది. మసి చర్మం పై పొర దాటి కింది పొరలో దిగి కూర్చుంటుంది. పై పొర ఎప్పటికప్పుడు రాలి కొత్తది వస్తుంది గానీ కిందిది కదలదు. ఒంట్లోని రక్షక కణాలు ఆ మసిని మింగి అక్కడే ఉండిపోతాయి. అవి చచ్చిపోతే కొత్త కణాలు వచ్చి అదే మసిని మళ్ళీ మింగుతాయి. మనం దాన్ని చర్మం గుండా చూస్తాం కాబట్టి నలుపు కాస్తా నీలం, పచ్చ కలిసినట్టు కనిపిస్తుంది. అవ్వకు ఈ సంగతి చెప్పి ఉంటే, "అంతా ఆ గుంటగలగరాకు మహిమ" అని తేల్చేసి ఉండేది.

ఇంతా చేసి, ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ పట్టుకుని, అందరి రక్తం తుడిచిన ఆ ఎరుకలామె మా అరుగు ఎక్కేది కాదు. వాకిట్లో గోనెపట్టా మీదే కూర్చునేది. దాహమంటే చెంబు పైకెత్తి ఆమె దోసిట్లో పోసేవాళ్ళు. ఆమె వీధి మలుపు తిరగ్గానే మా అవ్వ దొడ్లోకి పోయి కోళ్ళు లెక్కపెట్టుకునేది. ఒక్కటి కూడా ఏనాడూ తగ్గలేదు. అయినా మరుసటేడు మళ్ళీ లెక్కపెట్టేది.

ఈ అనుమానం మా అవ్వ ఒక్కదానిదే కాదు, సర్కారుదే. తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టమని ఒకటి తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే. ఎరుకల వాళ్ళను ఆ చట్టం కింద చేర్చి, పుట్టుకతోనే దొంగలన్నట్టు కాగితాల మీద రాసిపెట్టారు. ఆ జాబితాలో ఉన్నవాళ్ళు ఊరు దాటాలన్నా పోలీసులకు చెప్పుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో ఆ చట్టం రద్దయింది. అవ్వ కోళ్ళ లెక్క మాత్రం రద్దు కాలేదు.

ఎనభైల మొదట్లో నాయనకు తిరుపతిలో, గాంధీ రోడ్డులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసే పని దొరికింది. అందరం తిరుపతికి వచ్చేశాం. తాత అప్పటికే పోయాడు, అవ్వ కూడా మాతోనే. అమ్మకు ఎడమ మణికట్టు మీద ఒక ముగ్గు ఉండేది. వాళ్ళ పూతలపట్టు వైపు చిన్నతనంలో పొడిపించింది. పల్లెలో ఉన్నన్నాళ్ళు అమ్మ దాన్ని పట్టించుకున్నట్టు నాకు గుర్తు లేదు. తిరుపతిలో మొదటి శ్రావణమాసం తాంబూలానికి పిలిచిన ఒకావిడ, వాయనం అందిస్తూ అమ్మ చెయ్యి చూసి, "పది చదివినానంటివి, ఇదేంది ఇట్లా?" అన్నదట. అమ్మ ఇంటికొచ్చి ఏమీ అనలేదు. తర్వాత మా మామ పాత హెచ్‌ఎంటీ గడియారం అడిగి తెచ్చుకుంది. మగవాళ్ళ గడియారం, వెడల్పాటి తోలు పట్టీ. ఆడవాళ్ళ గడియారం పట్టీ సన్నగా ఉంటుంది, ముగ్గు దాని పక్కల నుంచి కనబడుతుంది మరి.

ఆ గడియారం కొన్నాళ్ళకు ఆగిపోయింది. బాగు చేయిద్దామని నాయన అంటే అమ్మ ఒప్పుకోలేదు. బాగు చేసేవాడి దగ్గర రెండు రోజులు వదలాలి కదా, ఆ రెండు రోజులు చెయ్యి ఏం గావాలి? చాలా ఏళ్ళు ఆమె చేతికి నడవని గడియారమే. దారిలో ఎవరైనా టైము అడిగితే ఎండ చూసి చెప్పేది.

ఇల్లు వెతికే రోజుల సంగతి ఇంకొకటి. గోవిందరాజస్వామి గుడి మాడవీధి పక్కన ఒక వాటా ఖాళీగా ఉందంటే అందరం పోయాం. ఇల్లుగలావిడ ముందు అమ్మతో నవ్వుతూనే మాట్లాడింది. నీళ్ళ పంపు చూపించింది, అద్దె చెప్పింది. వెనక నుంచి అవ్వ గడప దాటి వచ్చేసరికి ఆవిడ చూపు అవ్వ గడ్డం మీద ఆగింది. "మీరేమిట్లు?" అంది. అమ్మ చెప్పింది. "మరి మీ అత్తగారికి మొహాన ఆ చుక్కలేమిటమ్మా?" అంది. అమ్మ దానికీ ఏదో చెప్పింది. ఆవిడ కాసేపు ఆలోచించి, మా మరిది వాళ్ళు వచ్చినా రావచ్చునండీ అంది.

అప్పుడే లోపల నుంచి ఆవిడ భర్త ఉత్తరీయం కప్పుకుంటూ బయటికి వచ్చాడు. పెద్దాయన, నొసట తిరునామం. భుజాల మీద చర్మం కాస్త పొంగి గుర్తులున్నాయి. నేను ఆగలేక, "తాతా, మీకూ పచ్చబొట్టు ఉందే!" అన్నాను. అమ్మ నా జడ పట్టుకుని లాగింది. ఆయనకు కోపం రాలేదు. పెద్దగా నవ్వి, వంగి మరీ చూపించాడు. "ఇది పచ్చబొట్టు కాదమ్మా, ముద్ర. ఆచార్యులవారు అగ్నిలో కాచి వేస్తారు. కుడి భుజాన చక్రం, ఎడమ భుజాన శంఖం." "నొప్పెయ్యలేదా?" అన్నాను. "పెరుమాళ్ళ గుర్తు కదా, ఓర్చుకున్నాను" అన్నాడు. వెనక నుంచి మా అవ్వ తులసికోట, తేలుతో సహా రెండు చేతులూ ఎత్తి ఆయనకు దణ్ణం పెట్టింది.

ఆ వాటా మాకు ఇవ్వలేదు. కొర్లగుంటలో రేకుల ఇల్లు దొరికింది, అందులోనే నేను కాలేజీ దాకా చదివాను. ఆ పెద్దాయన మీద నాకు ఇప్పటికీ ఇష్టమే. గురువు చేతి మీదుగా దేవుడి పేరుతో పడిన గుర్తుకు ఒక మర్యాద, బుట్టతో తిరిగే మనిషి పొడిచిన గుర్తుకు ఇంకో మర్యాద. తేడా గుర్తులో లేదు, అది వేసిన చెయ్యి ఎవరిదన్నదే చూస్తారు. ఈ ముక్క నాకు ఆ వయసులోనే లీలగా తెలిసిపోయింది. చెప్పడం మాత్రం ఇప్పటికి కుదిరింది.

కొర్లగుంటలో మా పక్క వాటాలో గుడియాత్తం నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. ఆయన చేతి మీద పార్టీ జెండా. తమిళనాడులో ఎంజీఆర్ ఒకప్పుడు తన పార్టీ వాళ్ళందరినీ జెండాను పచ్చబొట్టుగా పొడిపించుకోమన్నాడు. ఆయన్ని చూసి వీధిలో ఎవరూ మొరటు అనలేదు, "అభిమానం అంటే అట్లుండాల" అనేవాళ్ళు. పైగా మా వీధిలో నీళ్ళ ట్యాంకరు దగ్గర తగాదా వస్తే ఆ చెయ్యి చూసే అవతలివాళ్ళు తగ్గేవాళ్ళు.

పదో తరగతిలో సర్టిఫికెట్ కోసం పుట్టుమచ్చలు రాసుకునే రోజు ఒకటుంటుంది, అందరికీ తెలిసిందే. మా క్లాసులో నగరి వైపు అమ్మాయి ఒకతి ఉండేది. మెడ, చెవులు, చేతులు ఎంత వెతికినా ఆమెకు ఒకే పుట్టుమచ్చ దొరికింది. టీచరు, గడ్డం మీద పచ్చబొట్టు ఉంది కదా, అదే రాస్తానన్నది. ఆ పిల్ల ఏడుపు అందుకుంది. సర్టిఫికెట్లో అది పడితే జన్మంతా దాన్ని అందరికీ చూపించాలి కదా అని. చివరికి మేమందరం కలిసి ఆమె మోచేతి వెనక ఒక నలకను పుట్టుమచ్చ చేసేశాం. అది నిజంగా పుట్టుమచ్చేనా, ఇంకు మరకా అన్నది ఆ దేవుడికే తెలియాలి.

చర్మం, జుట్టు, బొట్టు చూసి మనిషిని లెక్కగట్టడంలో మా తిరుపతి వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. గుండు. ఇక్కడ ఆడమనిషి గుండుతో బస్సెక్కితే ఎవరూ తల తిప్పి చూడరు. గుండుకు గంధం రాసుకుని, అలిపిరి నుంచి బస్టాండు దాకా ఎంతమంది! పెళ్ళయ్యాక హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో, మా పాపకు జబ్బు నయమైతే కొండ మీద తలనీలాలు ఇచ్చాను. సోమవారం ఆఫీసుకు పోతే ఒక్కరూ నా మొహం చూసి మాట్లాడలేదు. పక్క సీటావిడ గొంతు తగ్గించి, "ఏం ట్రీట్‌మెంటు జరుగుతోందండీ?" అంది. "తిరుపతి" అన్నాను. అంతే, గదిలో గాలి తిరిగింది. "ఓహో మొక్కా, లడ్డూ తెచ్చారా మరి?" అని అన్ని సీట్ల వాళ్ళూ చుట్టూ చేరారు. పచ్చబొట్టు ఉన్నవాళ్ళకు అట్లా ఒక్క మాటతో గట్టెక్కించే పేరేదీ లేదు పాపం.

ఇంకో వెసులుబాటు గంగ జాతర. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు జాతర చాటింపు వేస్తే ఊరి లెక్కలన్నీ తలకిందులవుతాయి. అమ్మవారు రోజుకో వేషం మార్చి పాలెగాడిని వెతికి పట్టుకుందని కథ. అందుకని జనం కూడా బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని కట్టుకుంటారు. ఒకరోజు ఒళ్ళంతా తెల్లసుద్ద, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గు. మా వీధిలో ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని ఒక బ్యాంకు ఉద్యోగి, మొక్కు ప్రకారం చీర కట్టుకుని, జడ వేసుకుని, పూలు పెట్టుకుని ఎర్రటి ఎండలో గుడికి నడిచిపోయేవాడు. ఎదురొచ్చిన ఆడవాళ్ళు నవ్వడం మాట అటుంచి, కాళ్ళకు నీళ్ళు పోసేవాళ్ళు. జాతర అయిపోయాక మళ్ళీ ఆయన మామూలే, మేమూ మామూలే. అమ్మ కూడా ఆ వారమంతా గడియారం తీసేసేది. పొంగళ్ళు పెట్టే పనిలో తడుస్తుందని చెప్పేది గానీ, నా అనుమానం వేరు.

ఆ జాతర దారుల్లోనే బ్యాటరీ మెషీన్‌తో పచ్చబొట్లు వేసేవాళ్ళు కూర్చునేవాళ్ళు. అట్ట మీద తేలు, గులాబీ, గుండెకాయ, ఓంకారం, సినిమా హీరోల పేర్లు. ఒకే సూది అందరికీ. ఇప్పుడు తలుచుకుంటే వెన్నులో చలి పుడుతుంది, ఆ సూదితో కామెర్లే అంటుకునేవో, ఇంకేం అంటుకునేవో! మా అన్న కొడుకు ఇంటర్లో ఉండగా అక్కడే కూర్చుని కుడి ముంజేతి మీద ఒక అక్షరం పొడిపించుకుని వచ్చాడు. ఇంట్లో అడిగితే గంగమ్మ మొదటి అక్షరమన్నాడు. గంగమ్మ సంగతేమో గానీ, ఎదురు వీధిలో గాయత్రి అని ఒక పిల్ల ఉండేదని తర్వాత తేలింది. ఆ ఒక్క అక్షరంతో వాడు వీధి దృష్టిలో చెడిపోయినవాడై కూర్చున్నాడు. అప్పటిదాకా సందు చివర సైకిల్ చైను తెగితే వాణ్ణే పిలిచి వేయించుకున్నవాళ్ళు, ఆ తర్వాత ఎవరి సైకిల్ పోయినా వాడి పేరే ముందు అనేవాళ్ళు.

వాడికి సీఆర్‌పీఎఫ్‌లో చేరాలని ఆశ. పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో పరుగులు. ఆర్మీలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరు వాడి చెయ్యి చూసి, "ఏ చేత్తో సెల్యూట్ కొడతావురా?" అన్నాడు. అప్పుడు గానీ మాకు ఆ నిబంధన తెలియలేదు. కేంద్ర బలగాల్లో ముంజేతి లోపలి వైపు పచ్చబొట్టుకు అభ్యంతరం లేదు గానీ, అది ఎడమ చెయ్యి అయి ఉండాలి, సెల్యూట్ చేసే చేతి మీద కుదరదు. బొమ్మ కూడా దేవుడిదో పేరో అయి ఉండాలి, ఆ భాగంలో పావు వంతుకు మించకూడదు. ఆర్మీలో అయితే గిరిజనులకు వాళ్ళ ఆచారం ప్రకారం సడలింపు ఉంది. మా అవ్వ ఉంటే, "గంగమ్మ పేరే గదా, ఎడమ చేత్తో కొడతాడులే" అనేదేమో.

సరే, తిరుపతిలోనే చర్మం డాక్టరు దగ్గర లేజర్‌తో తీయించాం. నల్ల ఇంకు కాబట్టి తొందరగా పోతుంది, రంగులైతే ఇంకా కష్టమన్నాడు ఆయన. తొందరగా అంటే ఒక్కసారితో కాదు, మధ్యమధ్యలో వారాల కొద్దీ ఆగుతూ నెలల పాటు తిరిగారు. పొడిపించుకున్నప్పుడు ఇచ్చిన డబ్బులు టీ ఖర్చుకు సరిపోతాయి, తీయించడానికి అయింది ఒక బర్రె ధర. ఎన్ని చేసినా ఒక తెల్లటి నీడ మిగిలింది. పరుగులో ఒకసారి, రాతపరీక్షలో ఒకసారి పోయి వాడు సీఆర్‌పీఎఫ్ వదిలేశాడు. ఇప్పుడు శ్రీసిటీలో పని చేస్తున్నాడు. అక్కడ షిఫ్టుకు టైముకు వచ్చాడా లేదా అని తప్ప చొక్కా చేతుల కింద ఏముందని ఎవరూ చూడటం లేదంటాడు.

ఇక మా పాప సంబంధాల దగ్గరికి వస్తాను. అబ్బాయిది చిత్తూరు, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. మే నెల ఎండలో, మా ఇంట్లో ఏసీ కూడా లేదు, ఆ పిల్లోడు పొడుగు చేతుల చొక్కా వేసుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. వాళ్ళమ్మ మధ్యమధ్యలో వాడి మణికట్టు దగ్గర గుండీ సరిచేస్తోంది. కాఫీ కప్పు అందుకునేటప్పుడు చొక్కా పైకి జరిగింది. ముంజేతి నిండా బొమ్మ.

అందరికంటే ముందు చూసింది మా అమ్మ. డెబ్బై దాటినా ఆమె కళ్ళు అట్లాంటివి పట్టేస్తాయి. వంటింట్లోకి రమ్మని నాకు సైగ చేసింది. "పచ్చబొట్టోడికి పిల్లనిస్తావా మే? రౌడీ మాదిరి ఆ చెయ్యేంది?" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతికి గడియారం ఉంది. పట్టీ మార్చాం గానీ అదే గడియారం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నలభై ఏళ్ళు ఆ చూపుల కింద నలిగిన మనిషే కదా, ఆ చూపు ఎట్లా ఉంటుందో బాగా తెలుసు కాబట్టే అంత బాగా చూడగలిగింది అనుకున్నాను. ఆమె మీద కోపం కూడా రాలేదు.

హాల్లోకి వచ్చాక ఆమే ఉండబట్టలేక అడిగేసింది. "ఏం నాయనా, ఆ చేతిమీద ఏందది?" వాళ్ళమ్మ మొహం మాడిపోయింది. అబ్బాయి మాత్రం గుండీ విప్పి చొక్కా మడిచి చూపించాడు. పాతకాలం గడియారం, రోమన్ అంకెలు, ముల్లులు. మా అమ్మ దగ్గరికి జరిగి, కళ్ళద్దాలు సవరించుకుని చూసింది.

"గడియారమా? టైమెంత దీంట్లో?"

"నాలుగూ ఇరవై, అవ్వా."

"ఎప్పుడు చూసినా అంతేనా?"

"అంతే అవ్వా. మా నాన్నకు గుండె ఆపరేషనై, థియేటర్ నుంచి డాక్టరు బయటికొచ్చి బాగుందని చెప్పిన టైము."

"దానికి చేతిమీదే రాసుకోవాలా నాయనా? క్యాలెండర్లో రాసిపెట్టుకుంటే చాలదా?"

ముందు నవ్వింది ఆ నాన్నే. ఆ తర్వాత అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వుతూ తన చెయ్యి ఆ పిల్లోడి చేతి పక్కన పెట్టి, "నాదీ నడవదులే" అంది. పట్టీ జరిపి ముగ్గు చూపించలేదు. ఆ మాట మాత్రం అంది. ఎంతయిందని అడిగితే ఆ అబ్బాయి ఏదో వేలల్లో చెప్పాడు. అమ్మ, "మా అత్తకు చేటెడు బియ్యంతో రెండు చేతులూ నిండిపోయినాయి" అని ఆశ్చర్యపోయింది.

ఆ సంబంధం కుదరలేదు. పచ్చబొట్టు వల్ల కాదు, జాతకాల దగ్గర వాళ్ళ వైపు పెద్దవాళ్ళు ఆగారు. తర్వాత ఏడాదిలో పాపకు వేరే చోట పెళ్ళయింది. అల్లుడు మంచివాడు, ఒంటి మీద మచ్చుకు ఒక గీత లేదు, మితంగా మాట్లాడతాడు, అమ్మ వండిన రాగిసంగటి మాత్రం ముట్టడు. వాళ్ళు పండక్కి వచ్చి పోయిన ప్రతిసారీ అమ్మ గిన్నెలు సర్దుతూ, "ఆ గడియారం పిల్లోడే బాగుండె గదమ్మే" అంటుంది. అల్లుడి చెవిన పడితే బాగుండదని ఎంత చెప్పినా వినదు.